రెండు గుర్తులు

సాయంత్రం ఐదున్నర. పెద జాలారిపేట.
మేడ మీద రేకుల గది.
ఎండుచేపల వాసన నాకంటే ముందే వచ్చి కూర్చుంటుంది.
గుమ్మం దగ్గర పాత బిస్కట్ డబ్బాలో
పిల్లల ఫోన్లు ఏడు, నాదొకటి.
మూత పెట్టినా లోపల
తడి వలలో పీతల్లా గీరుతూనే ఉంటాయి.

కుంభాకార కటకం గీస్తున్నాను.
కిరణాలన్నీ వంగి ఒక్కచోట కలుస్తాయి,
ఆ చోటు పేరు నాభి.
"నాభంటే బొడ్డు కదా టీచర్" అంది పోలేశ్వరి.
అందరూ నవ్వారు. ధనరాజు నవ్వలేదు.
వాడి కుడిచెయ్యి జేబు మీదికి వెళ్లింది.
జేబులో ఏమీ లేదు.
మళ్లీ వెళ్లింది.
ఒక్క బొమ్మ పూర్తయ్యేలోగా పదకొండుసార్లు.
తీసేసిన కాలు దురద పెడుతుందంటారే,
అలా.

నిన్నటి పాఠమే అడిగాను.
"సదివాను టీచర్. వీడియో కూడా సూసాను,
రెండింతల స్పీడులో."
అబద్ధం కాదు. చూసే ఉంటాడు.
"నోటి కాడికొచ్చి ఎలిపోతంది" అన్నాడు,
పోయినదాన్ని వెతుకుతున్నట్టు
చాప అంచు పీకుతూ.

వాళ్ల నాన్న గనగళ్ల ఎర్రయ్య ఫీజు తెచ్చాడు,
నోట్లు ఇంకా తడి తడిగానే.
మొన్న నడిసంద్రంలో జీపీఎస్ చచ్చిపోయిందట.
మరేం చేశావన్నాను.

"ఏటుంది తల్లీ, గుర్తులున్నాయి కదా.
కైలాసగిరి కొస మీదికి
ఎనక సింహాచలం కొండ ఎక్కాల. అదొక గీత.
ఇటు యారాడ వైపు ఇంకోటి.
రెండు గీతలూ యెక్కడ కలిస్తే అక్కడ అడుగున రాయి.
రాయి కాడే సేప.
ఒక్క కొండే సూసేవంటే
సంద్రమంతా తిరుగుతావు, వొట్టి వల లాగుతావు.
రెండూ ఒక్కపాలే కంట్లో నిలబెట్టాల.
అంతసేపూ పడవలో ఎవుడూ మాటాడ్డు."

యారాడ వైపు గుర్తు ఏమిటో కూడా చెప్పాడు.
రాసుకోవాలనుకున్నాను.

బస్సెక్కి, అది రాసుకుందామనే ఫోన్ తెరిచాను.
ఎవరిదో చీర. ఎవరి పాపకో పుట్టువెంట్రుకలు.
అల్పపీడనం.
చీమలు రాకుండా చక్కెర దాచే పద్ధతి.
మద్దిలపాలెంలో దిగాలి నేను.
తలెత్తేసరికి గురుద్వారా.
నడిచి వెనక్కి వస్తూ
యారాడ పక్కన ఏమన్నాడో తవ్వుకున్నాను.
క్రేనా? లైట్‌హౌసా?
నోటి దాకా వచ్చింది.
వెళ్లిపోయింది.

మర్నాడు పాఠం మొదలుపెట్టకుండా
పిట్టగోడ దగ్గరికి తీసుకెళ్లాను పిల్లల్ని.
"మీ నాన్న చెప్పిన రెండో గుర్తు క్రేనే కదా?"
"క్రేన్ కాదు టీచర్!" అన్నాడు ధనరాజు,
తప్పు నాది కావడం వాడికి బాగా నచ్చినట్టుంది.
"క్రేన్లు తిరుగుతాయి. తిరిగేదాన్ని గుర్తెట్టుకోరు.
యారాడ బుజం మీంచి
స్టీల్‌ప్లాంటు గొట్టం తొంగి సూడాల.
ఇక్కడ్నించి అవుపడదు. సంద్రంలోకెళ్లాల."
చెయ్యి చాచి, ఒక కన్ను మూసి,
రెండు వేళ్ల మధ్య కొండను పట్టుకుని నిలబడ్డాడు.
జేబు మీదికి చెయ్యి ఎన్నిసార్లు వెళ్లిందో
లెక్కపెట్టడం మర్చిపోయాను.

గదిలో డబ్బా గీరింది.
ఏడుగురం తల తిప్పాం.

లోపలికొచ్చాక నాభి ఎక్కడుందో చూపించమన్నాను.
తప్పు చోట చుక్క పెట్టాడు ధనరాజు.
సరే.
కటకం పక్కనే రెండు కొండలు గీశాను నేను.
యారాడ కొంచెం ఎత్తయిపోయింది.
వాడు లేచి వచ్చి
వేలితో చెరిపి తగ్గించాడు.